బాయిలరు, దైవము, పురుషకారము

దైవము బలవత్తరమా, పురుషకారము బలవత్తరమా అని ధర్మరాజు శరతల్పగతుడైన భీష్ముని ప్రశ్నించినట్లు భారతమున ఆనుశాసనిక పర్వమునందు కలదు. భీష్ముడు దానికి తన మాటగా ఉత్తరము చెప్పక, పూర్వము వసిష్ఠునకు బ్రహ్మ చెప్పినదానినే ఎత్తి చెప్పెను: పురుషకారము క్షేత్రము, దైవము బీజము, ఆ రెంటి సంయోగముననే సస్యము ఫలించును. ఇంత స్పష్టమైన సమాధానము లభించిన పిదపను ఈ చర్చ మన దేశమున నేటివరకు ముగియకుండుటకు కారణమొకటి కలదని నాకు తోచును. మనమీ ప్రశ్నను సామాన్యముగా రోగము, మరణము, వానలు, వివాహము మొదలైన విషయములయందే లేవదీయుదుము. వానిలో కారణములు సగము కనబడియు సగము కనబడకయు నుండును. కావున దైవవాదికిని పౌరుషవాదికిని తమ తమ పక్షమును నిలువబెట్టుకొనుటకు చాలినంత చీకటి ఎల్లప్పుడును మిగిలియుండును. కారణములు కొలతకు లొంగెడి తావునకు, మనుష్యుడు తన చేతులతో నిర్మించి, తన చేతులతో నిప్పుపెట్టి, తన కన్నులతో కావలియుండెడి వస్తువునొద్దకు ఈ ప్రశ్నను తీసికొనిపోయినచో ఏమి తేలును? అట్టి వస్తువులలో బాయిలరుకంటె తగిన సాక్షి నాకు కనబడలేదు. తత్త్వవిచారమునకిది తగిన తావు కాదని కొందరు శంకింపవచ్చును. కాని దేనివలన వేలకొలది ప్రాణములు పోయినవో, దేనినిగూర్చి విధియనియు దోషమనియు న్యాయసభలలో వాదములు జరిగినవో, అది ధర్మవిచారమునకు వెలియైనది కానేరదు.

మన యిండ్లలో బాయిలరనగా స్నానమునకు వేన్నీళ్లు కాచెడి రాగిపాత్ర. నిలువుగా నుండెడి రాగి దేహము, నడుమ నొక గొట్టము, గొట్టమునడుగున ఇనుపచువ్వలు, వానిమీద బొగ్గులో పుల్లలో కొబ్బరిచిప్పలో; గొట్టముచుట్టును నీరు; ప్రక్కన ఇత్తడి కొళాయి; పైన చన్నీళ్లు పోయుటకు మూతగల నోరు. దానివలన చేయి కాలవచ్చును గాని ఇల్లు కూలదు. ఏలయన మూత వదులు, పుట్టిన ఆవిరి పుట్టినట్లే వెలికిపోవును. రైసుమిల్లులో ఉప్పుడు బియ్యమునకై ధాన్యమును ఉడికించుటకు ఆవిరినిచ్చెడి దానినిగూడ ఆ పేరితోనే పిలుచుచున్నాము. నడుమ నిప్పు, చుట్టును నీరు అను రచనయు పెక్కింట నదియే. ఐనను దాని జాతి వేరు. అది మూయబడిన పాత్ర. 1923 నాటి భారత బాయిలర్ల చట్టము నిర్వచనమునందు ఈ లక్షణమునే ప్రధానముగా పట్టుకొనియుండెను: 22.75 లీటర్లకు మించి పట్టునదియు, ఒత్తిడితో ఆవిరిని పుట్టించుటకే ఉద్దేశింపబడినదియునగు మూసిన పాత్ర బాయిలరు.

మూయుటచేత ఏమగునో కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. నీరు ఆరుబయట మరిగి ఆవిరియైనచో దాని పరిమాణము సుమారు 1,600 రెట్లగును. ఆ విస్తారమునకు చోటు లేనప్పుడు ఆవిరి గోడలను నెట్టును. ఆ ఒత్తిడివలన నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మరుగుట మాని ఇంకను వేడెక్కును. వాతావరణపీడనమునకు పదిరెట్ల పీడనమున నీరు మరుగుటకు 180 డిగ్రీలు కావలెను. ఇక గోడ ఎచ్చటనైన చీలినదనుకొనుడు. ఒత్తిడి ఒక్క క్షణమున తొలగిపోవును. అంత వేడిమిగల నీరు నీరుగా నిలువజాలదు. దానిలో సుమారు ఏడింట నొకవంతు తత్క్షణమే ఆవిరియై పాత్రను ముక్కలుచేసి భవనములను ఎగురగొట్టును. అప్పటికి చేరియున్న ఆవిరికంటె నిశ్చలముగా నున్నట్లు కనబడిన నీటియందే వినాశశక్తి ఎక్కువగా దాగియుండును.

బాయిలర్ల భేదములను చెప్పువారు వానిని రెండు కుటుంబములుగా విభజింతురు. గొట్టములలో మంటయు వేడిపొగయు పోవుచుండగా చుట్టును నీరుండునవి అగ్నినాళ బాయిలర్లు. గొట్టములలో నీరు పారుచుండగా చుట్టును మంట యుండునవి జలనాళ బాయిలర్లు. రైలు ఇంజనును నడిపిన బాయిలరు మొదటి కుటుంబములోనిది. రామగుండము, కృష్ణపట్టణము మొదలైన తావుల విద్యుత్తును పుట్టించు మహాయంత్రములు రెండవ కుటుంబములోనివి. కాని ఈ భేదములు పుట్టిన క్రమమును పరికించినచో, అది లోహశాస్త్రముయొక్క చరిత్రమాత్రమే కాదని తెలియును.

1679లో డెనీ పాపెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండనులోని రాయల్ సొసైటీవారికి ఎముకలను సహితము మెత్తగా ఉడికించు మూతపాత్రను చూపెను. ఆ పాత్రకే తులాదండమునకు బరువు వ్రేలాడదీసిన రక్షకకవాటమును, నేడు సేఫ్టీ వాల్వు అనుదానిని, ఏర్పరచెను. మూసినవాడే తెరచుటకు దారిని గూడ యోచించుట మిక్కిలి గౌరవింపదగిన విషయము. జేమ్సు వాటు తన కాలమున వాతావరణపీడనమునకు కొంచెము మించిన ఒత్తిడితోనే తృప్తిపడి, అధికపీడనమును దుస్సాహసమని నిరసించెను. రిచర్డు ట్రెవితిక్ ఆ హద్దును దాటెను. 1803లో గ్రీనిచ్‌లో అతని బాయిలరొకటి ప్రేలి పనివాండ్రు మరణించిరి; కావలిగా నుండవలసినవారి అజాగ్రత్తచేత ఆవిరికి వెడలు దారి మూతపడియుండెను. ట్రెవితిక్ ఆ మరణములను ఎవరి నొసటి వ్రాతకును అంటగట్టలేదు. అటుపిమ్మట తన బాయిలర్లకు ఒకటికి రెండు రక్షకకవాటములు పెట్టి, అందొకటి నడుపువాని చేతికి అందకుండునట్లు చేసెను. నీరు తగ్గిపోయినచో కరిగి, ఆవిరిని మంటమీదికి వదలెడి సీసపు బిరడానుగూడ అమర్చెను. 1812లో అతడే నిర్మించిన కార్నిష్ బాయిలరు, లోపల ఒకే అగ్నిమార్గముగల పొడవైన స్తూపము. 1844లో విలియం ఫేర్‌బైర్న్, జాన్ హెదరింగ్టనుల పేర రిజిస్టరైన లాంకషైరు బాయిలరునందు అట్టి మార్గములు రెండు. 1867లో బాబ్‌కాక్, విల్‌కాక్సు అను అమెరికనులు తెచ్చిన జలనాళ బాయిలరునందు నీరు ఒక్క మహాపాత్రలో గాక చిన్న చిన్న గొట్టములలో విభజింపబడినది. ఒక గొట్టము పగిలినను నష్టము ఆ గొట్టముతో చాలవరకు ఆగవలెనని వారి ఆశయము. ఈ మార్పులలో పెక్కింటి వెనుక వ్యయము, బొగ్గుపొదుపు మొదలైన ప్రయోజనములును కలవు, నేను కాదనను. ఐనను ఒకప్పటి తప్పిదమునకు చెల్లించిన మూల్యము మరియొకప్పటి రచనలోనికి ఇట్లు ప్రవేశించుట పురుషకారమునకు నేనెరిగిన నిదర్శనములలో శ్రేష్ఠమైనది.

పందొమ్మిదవ శతాబ్దము నడిమికాలమువరకును ఇంగ్లండులో బాయిలరు ప్రేలినప్పుడెల్ల కారణము అగమ్యమనియు యాదృచ్ఛికమనియు తీర్పులు వచ్చుచుండెను. లోపల నీరు విఘటితమై మండెడి వాయువులు పుట్టినవని కొందరు, విద్యుచ్ఛక్తి ప్రకోపించినదని కొందరు ఊహలల్లిరి. రహస్యమెంత గంభీరమైనదైన యజమానికి అంత క్షేమము! ఫేర్‌బైర్న్ ఈ రహస్యమును అంగీకరింపలేదు. రేకులను చీల్చి బలమును కొలిచెను. ఒంటివరుస రివిట్ల అతుకు, నిండురేకు బలములో నూటికి 56 పాళ్లు మాత్రమే కలదనియు, జంటవరుస అతుకు 70 పాళ్లు కలదనియు ప్రకటించెను. గుండ్రని బాయిలరున నిలువు అతుకు మీద పడెడి లాగుడు చుట్టతుకు మీదిదానికి రెట్టింపు. కావున బాయిలరు సామాన్యముగా పొడవుననే చీలును. అతని ప్రోత్సాహముతో మాంచెస్టరున 1850 తరువాతి సంవత్సరములలో ఏర్పడిన సంఘము ఇన్స్పెక్టర్లను పంపి బాయిలర్లలోనికి దూరి చూడజొచ్చెను. వారు చూచినవేమి? తుప్పుపట్టి పలచబడిన రేకులు, బిగించివేసిన కవాటములు, నీటిలోని సున్నము పేరుకొని కాలిపోయిన లోహము. 1882లో బ్రిటిషు పార్లమెంటు ప్రతి విస్ఫోటమునకును విచారణ జరుగవలెనని చట్టము చేసెను. అగమ్యమనబడినది విచారణ జరిగినకొలది గమ్యమగుచు వచ్చెను.

ఇక గీతలో పదునెనిమిదవ యధ్యాయమున చెప్పబడిన విషయమును తలంతము. సర్వకర్మములకు కారణములైదు: అధిష్ఠానము, కర్త, కరణములు, నానావిధ చేష్టలు, ఐదవది దైవము. భగవంతుడే దైవమును ఐదవస్థానమున నిలిపినాడను సంగతిని మన భక్తులు తగినంతగా గమనింపలేదని నా భావము. మిల్లు బాయిలరునందు ఈ ఐదింటిని చూపుట సులభము. రేకులు, అతుకులు అధిష్ఠానము. యజమాని, ఇంజనీరు, ఫైర్‌మన్ కర్తలు. కవాటము, పీడనమాపకము, గేజిగ్లాసు, ఫీడుపంపు కరణములు. ఊకను ఎగదోయుట, నీటిని ఎక్కించుట, బురదనీటిని వదలుట చేష్టలు. ఈ నాల్గింటిని విచారింపకయే ఐదవదానిని పేర్కొనువాడు గీతను తలక్రిందుగా చదివినవాడు.

ఇందు గేజిగ్లాసు సంగతి కొంచెము చూడదగినది. అది బాయిలరు ముఖమున నిలువుగా బిగించిన గాజుగొట్టము. పై కొస లోపలి ఆవిరితోను, క్రింది కొస లోపలి నీటితోను కలిసియుండును. లోపల నీరెంతవరకున్నదో గాజులో నంతవరకు కనబడవలెను. కాని క్రింది దారి మడ్డిచేత పూడిపోయినచో, లోపల నీరు దిగిపోవుచున్నను గాజులోని నీరు నిలిచినది నిలిచినట్లే యుండును. చూచువానికి నీరు కనబడుచునేయుండును. మంటమీది రేకు మాత్రము ఎండి ఎర్రబారుచుండును. అందుచేత పనిబాగుగా నేర్చిన ఫైర్‌మన్ డ్యూటీకి రాగానే గాజులో నీరున్నదని చూచి ఊరకుండడు. క్రింది కొళాయిని తెరచును. బుస్సుమని నీరును ఆవిరియు వెడలి గాజు ఖాళీయగును. కొళాయిని కట్టి, కన్నార్పక చూచును. నీరు చురుకుగా పైకి లేచి ఊగి నిలిచినచో దారి తెరపియున్నది. మెల్లమెల్లగా ప్రాకినచో దారి పూడుచున్నది. ప్రత్యక్షముగూడ పరీక్షింపబడిననే ప్రమాణమని నైయాయికులు ఎన్ని పుటలలో వాదించిరో, ఆ వాదసారమంతయు ఈ పని చేయు మనుష్యుని చేతిలో నున్నది.

నాలుగు కారణములును చెడియుండగా ఐదవదానిని నిందించినచో ఎంత అన్యాయమగునో సుల్తానా అను పడవ కథవలన తెలియును. అమెరికాలో అంతర్యుద్ధము ముగిసినదినములలో, శత్రుశిబిరములలో మగ్గి విడుదలయైన సైనికులు మిసిసిపీ నదిమీద ఆ ఆవిరిపడవలో ఇండ్లకు మరలుచుండిరి. పడవకు అనుమతి 376 మందికి. ఎక్కినవారు రెండువేలకు పైబడి. తలకింతయని ప్రభుత్వము డబ్బు చెల్లించుచుండుటచేత వారిని తనకే దక్కించుకొనవలెనని కెప్టెనునకు తొందర. విక్స్‌బర్గు రేవున బాయిలరు రేకు ఉబ్బి కారుచుండగా, మరమ్మతుచేయవచ్చినవాడు రేకులు మార్చవలెననెను. ఆలస్యమునకు ఓర్వక కెప్టెను అతుకుతో సరిపెట్టించెను. 1865 ఏప్రిల్ 27 తెల్లవారకమునుపే మెంఫిసు దాటిన పిమ్మట బాయిలర్లు ప్రేలినవి. వేయిమందికి పైగా నిప్పునను నీటను మరణించిరి; కెప్టెనును మరణించెను. యుద్ధమును, చెరను దాటివచ్చిన వారికి ఇంటిదారిలో ఇట్టి చావు వ్రాసియున్నదని అనుట వినుటకు కరుణరసభరితముగా నుండును. కాని ఆ వ్రాత వ్రాసిన చేయి ఎవరిదో మనకు తెలిసియున్నది.

అన్ని దృష్టాంతములును ఇంత తేటగా నుండవు. మసాచుసెట్సు రాష్ట్రమున బ్రాక్టను పట్టణములో గ్రోవరు చెప్పుల కర్మాగారమందు 1905 మార్చి 20 ఉదయమున పాత బాయిలరొకటి ప్రేలి, కప్పులను చీల్చుకొని ఎగిరెను. కూలిన భవనమున అగ్ని చెలరేగి 58 మంది మరణించిరి. క్రొత్త బాయిలరు శుభ్రపరచుటకై ఆపబడి యుండగా నాడు పాతదానిని నడిపిరి. దాని రేకుల అంచులు ఒకదానిపై నొకటి ఎక్కించి రివిట్లు వేసినవి. అట్టి అతుకు ఉన్నచోట స్తూపము సరియైన వృత్తము కానేరదు. ఒత్తిడి ఎక్కి దిగినప్పుడెల్ల ఆ చోటు కొంచెము వంగి లేచుచుండును. ఏండ్ల తరబడి వంగగా రేకు సందున పగులు పుట్టి లోలోపల పెరుగును. పైరేకు కప్పియుండుటచేత అది కంటికి కనబడదు. పురుషకారమునకు హద్దు ఇచ్చట కనబడుచున్నది. చూడవలసినవాడు చూచినను కనబడనిది ఒకటి కలదు. దానిని దైవమందురా, నాకు అభ్యంతరము లేదు.

ఐనను బ్రాక్టను జనులు అచ్చటనే ఆగలేదు. 1907లో ఆ రాష్ట్రమున చట్టము పుట్టెను. అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము బాయిలర్ల నిర్మాణనియమావళిని 1915లో ప్రచురించెను. అంచులెక్కించు అతుకుబదులు, రేకుల కొనలను సరిగా తాకించి లోపలను వెలుపలను పట్టీలు వేయు పద్ధతి ప్రబలెను. నిన్న దైవమైనది నేడు పురుషకారమున చేరెను. యోగవాసిష్ఠమున ముముక్షువ్యవహార ప్రకరణమందు వసిష్ఠుడు రామునకు చెప్పిన సిద్ధాంతమిదియే: మూఢులు దైవమని దేనిని పిలుచుచున్నారో అది పూర్వకృతమైన పౌరుషమే, నేటి పౌరుషముచేత దానిని జయింపవచ్చును. ఆ పాతరేకులోని పగులు అక్షరాల పూర్వకర్మము. దానిని అట్లు అతికినవాని కర్మము, వేలమార్లు వేడిచేసి చల్లార్చినవారి కర్మము.

ఇచ్చట నన్ను కలతపెట్టెడి ప్రశ్న యొకటి కలదు. కర్మము ఒకరిది, ఫలము మరియొకరిది ఎట్లయినది? చెప్పులు కుట్టుచు కూర్చున్న స్త్రీపురుషులు ఆ రేకును అతికినవారు కారు. అందరికిని ఆ ఉదయమున ఒకేవిధమైన ప్రారబ్ధము పక్వమైనదని చెప్పువారు కలరు. కర్మసిద్ధాంతమును శ్రద్ధతో నమ్మువాడనై యుండియు నేనీ సమాధానమును స్వీకరింపలేను. తన దుఃఖమునుగూర్చి ఇది నా ప్రారబ్ధమని తలంచుకొను హక్కు దుఃఖించువానికి కలదు. ఆ తలంపు అతనికి ఓర్పును ఇచ్చును. ఇతరుని దుఃఖమునుగూర్చి ఆ మాట పలుకుటకు ఎవరికిని అధికారము లేదు. అందును ఆ దుఃఖమునకు కారకుడైనవానికి బొత్తుగా లేదు. భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు తలవ్రాత యని ఏడ్చినప్పుడు ఆ మాట పవిత్రము. యజమాని గుమాస్తా అదే మాటను ఆమె చెవిని వేసి కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొన్నప్పుడు అది పాపము.

ఐదవ కారణమునకు న్యాయమైన స్థానమేదో బాయిలరు నిర్మించువారి లెక్కలలోనే నాకు దొరకినది. రేకు ఎంత ఒత్తిడికి చీలునో లెక్కించిన పిదప వారు ఆ ఒత్తిడికి పాత్రను ఎన్నడును గురిచేయరు. దానిలో నాలుగింట నొకవంతుననో ఐదింట నొకవంతుననో నడుపుటకే అనుమతింతురు. దానికి భద్రతాగుణకమని పేరు. లెక్క సరియైనదేయైనప్పుడు ఇంత విడుపు ఎందులకు? లోహములో కంటికందని లోపముండవచ్చును, పనివాని చేయి వణకియుండవచ్చును, మనము తలపనిది తటస్థింపవచ్చును, వాని కొరకు. తనకు తెలియనిదానికి ముందుగానే చోటు విడిచిపెట్టుటకంటె దైవమును అంగీకరించుట వేరొకటి ఏమున్నది? ప్రమాదమునకు ముందు దైవమును తలచిన వానికి ఇట్టి వినయము కలుగును. ప్రమాదము జరిగినపిదపనే దైవమును తలచువానికి అది సాకుగా ఉపయోగపడును.

మన దేశమున కలకత్తాలో 1863లో జరిగిన విస్ఫోటము కారణముగా మరుసటి యేట బంగాళమున మొదటి బాయిలర్ల చట్టము వచ్చెను. రాష్ట్రమునకొక తీరుగా నుండిన శాసనములు 1923లో ఒక్కటైనవి. సర్టిఫికెటు పండ్రెండు నెలలకు మించి చెల్లదనియు, ప్రమాదము జరిగిన 24 గంటలలో తెలుపవలెననియు ఆ చట్టము విధించెను. పరీక్షలలో బాయిలరును చన్నీటితో నింపి, పనిచేయు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లెక్కించి చూచుట యొకటి. చన్నీరు అణగదు గనుక, చీలినను కారునేగాని ప్రేలదు. ఇన్స్పెక్టరు మసిలో మునిగి అగ్నిమార్గములోనికి ప్రాకి, సుత్తితో రేకును తట్టి, ధ్వనిని వినును. ఈ పనిని తనిఖీ యనియు తద్దినమనియు విసుగుకొను యజమానులు, విజయదశమినాడు అదే బాయిలరునకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ పగులగొట్టుటకు విసుగుకొనరు. ఆయుధపూజను నేను మనఃపూర్వకముగా గౌరవింతును. అగ్నియు జలమును దేవతలని మన పూర్వులు నమ్మినదానిని నేనును నమ్ముదును. దేవతలుగనుకనే వారిని అశ్రద్ధతో బంధింపరాదు.

కావున మిల్లులు, కర్మాగారములు నడుపువారిని నేను ప్రార్థించునదేమనగా, రాబోవు దసరాకు పురోహితుని పిలుచుటకు ముందు బాయిలరును చల్లార్చి తెరిపింపుడు. రక్షకకవాటము స్వేచ్ఛగా లేచుచున్నదో లేదో చూడుడు. సర్టిఫికెటు గడువును చదువుడు. ఫైర్‌మన్‌ను ప్రక్కకు పిలిచి అతనికి దేనిమీద అనుమానముగా నున్నదో అడుగుడు. అతడు చెప్పిన లోపమును సరిచేయించిన పిమ్మటనే హారతి ఇప్పింపుడు. పురోహితులును, ఆ ప్రశ్నలు అడిగిన పిదపనే సంకల్పము చెప్పుదురుగాక.